చీరల మీద కేసు

మనుషుల మీద కేసు పెట్టడం మనకు తెలుసు. కోడిపందెం ఆడితే కోళ్లను కూడా పట్టుకుపోయి స్టేషన్లో కట్టేస్తారని విన్నాం. చీరల మీద కేసు పెట్టారంటే నమ్ముతారా? పెట్టారండీ. పోయిన ఎలక్షన్లప్పుడు, పెనుకొండ దగ్గర, పదకొండు ధర్మవరం పట్టుచీరల మీద పెట్టారు. వాటిని మోసుకొస్తున్న చౌడమ్మ మీద మాత్రం ఏ కేసూ లేదు. "నీ మీద ఏమీ లేదు కదమ్మా, సంతోషపడు" అన్నాడు ఆఫీసులో గుమాస్తా. సంతోషపడాలంట! ఆ మాట తలుచుకుంటే చౌడమ్మకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చౌడమ్మది హిందూపురం. పుట్టింది ధర్మవరంలో, మగ్గం ఉన్న ఇంట్లో. చిన్నప్పుడు నాయన నేస్తుంటే పక్కన కూర్చుని కండెలకు దారం చుట్టేది. హిందూపురంలో మిల్లు పనివాడికిచ్చి పెండ్లి చేశారు. ఆ మిల్లు మూతపడింది, మూతపడిన రెండేళ్లకు మొగుడు మంచం పట్టి పోయాడు. చేతిలో చదువు లేదు, పొలం లేదు. తెలిసిందల్లా ఏది మంచి చీర, ఏది కాదు అన్న ఒక్క సంగతే. పుట్టింటి పక్కిల్లు గోవిందప్పది. రెండు మగ్గాలున్న మనిషి, వయసులో ఆమెకంటే కాస్త పెద్ద. "అన్నా, నాలుగు చీరలు ఇయ్యి, హిందూపురంలో పెండ్లిండ్లకు చూపించుకుంటా" అని అడిగింది. ఆయన భార్య నాగమణి కాఫీ తెచ్చేలోపే ఆయన చీరలు తీసి మడత పెట్టేశాడు. అప్పటినుంచి అదే చౌడమ్మ బతుకు.

ఆమె పద్ధతి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. ధర్మవరం పోతుంది, గోవిందప్ప నేసినవీ, ఆ వీధిలో ఇంకొకరిద్దరు నేసి ఆయన దగ్గర పెట్టినవీ తీసుకుంటుంది. ఉతికిన తెల్ల పంచెలో మూట కడుతుంది. బస్సెక్కి పెనుకొండ మీదుగా హిందూపురం వస్తుంది. ఎవరింట్లో పెండ్లి కుదిరిందో ఆమెకు ఎట్లా తెలుస్తుందో ఏమో, పెండ్లివాళ్లకంటే ముందే తెలుస్తుంది. ఆ ఇంటికి పోయి చాప పరిచి చీరలు విప్పుతుంది. నచ్చితే తీసుకుంటారు, అప్పుడు గోవిందప్ప బిల్లు రాసి పంపుతాడు. నచ్చకపోతే మూట మళ్లీ ధర్మవరం పోతుంది. అమ్ముడుపోని చీరకు బిల్లు రాసే అలవాటు ఆ వీధిలో ఎవరికీ లేదు. ఇన్నేళ్లలో ఒక్క చీర తక్కువైందన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఇంకొక అలవాటు కూడా ఉంది. కథంతా దాని దగ్గరే చిక్కుబడింది కాబట్టి కాస్త వినండి. చీరను గడప దాటించి మోసేవాళ్ల చేతిలో పెట్టాక, నేసినవాళ్లు దాన్ని "నాది" అనరు. అంటే, మోసేమనిషి మీద నమ్మకం లేదని నలుగురిలో అన్నట్టు లెక్క. మోసేవాళ్లూ "నాది" అనరు. పెండ్లికూతురు కట్టుకోవలసిన చీరను మధ్యలో ఇంకొకరు నాదంటే అది మంచిది కాదని వాళ్ల నమ్మకం. "ఎవరి చీరమ్మా ఇది?" అని అడిగితే చౌడమ్మ "నేను తెచ్చినా" అంటుందే గానీ నాది అనదు. దారిలో చీర చెడిపోతే మాత్రం నష్టం మోసినవాళ్లదే. చెడిపోయిన మూట లెక్క తేలేదాకా ఇంకో మూట అడగకూడదు. ఇవన్నీ ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు, అంతే.

ఆ రోజు మూటలో పదకొండు చీరలున్నాయి. హిందూపురంలో శైలజ అని ఒక టీచరమ్మ కూతురి పెండ్లి. తలంబ్రాల చీర దగ్గర్నుంచి ఆడబిడ్డ చీర దాకా అన్నీ చౌడమ్మ దగ్గరే తీసుకుంటామన్నారు. చాలా రోజులకు దొరికిన పెద్ద పెండ్లి. బస్సులో మూట ఒళ్లో పెట్టుకుని, ఎవరికి ఏ చీర నప్పుతుందో ఆలోచించుకుంటూ కూర్చుంది.

పెనుకొండ దగ్గర బస్సు ఆపారు. ఎలక్షన్ల తనిఖీ. కెమెరా పట్టుకున్నవాడొకడు, పోలీసులిద్దరు, కళ్లద్దాల ఆఫీసరొకాయన. సీటు సీటూ చూసుకుంటూ వచ్చారు.

"ఈ మూట ఎవరిది?" అన్నాడు ఆఫీసరు.

"నేను తెస్తాండా సార్," అంది చౌడమ్మ.

"ఏముంది అందులో?"

"పట్టుచీరలు."

"ఇన్ని చీరలెందుకమ్మా? ఎవరు పంచమన్నారు?"

"పంచేదానికా!" చౌడమ్మకు నవ్వొచ్చింది. "ఒక్కో చీర నేసేదానికి మనిషి నడుము పడిపోతాది సార్. దీన్ని ఓటుకొకటి పంచేంత మారాజు ఈ జిల్లాలో ఎవరుండారు?"

బస్సులో నలుగురు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. ఆఫీసరు మొహం గంటు పెట్టుకున్నాడు. బిల్లు చూపించమన్నాడు. అమ్ముడుపోతే రాస్తారని, ఇంకా పోలేదని చెప్పింది. సరుకు నీ దగ్గరుంటే బిల్లు లేకుండా ఎట్లా ఉంటుందన్నాడు. నమ్మకం మీద తెచ్చానంది. నమ్మకానికి నంబరుందా అన్నాడు. ఆయన కూడా హాస్యమాడాడు కాబోలు, ఈసారి బస్సులో ఎవరూ నవ్వలేదు.

దించేశారు. బస్సు వెళ్లిపోయింది. మూట ఊడదీసి, ఒక్కొక్క చీరనూ కెమెరా ముందు పరిచి, చేతికొచ్చినట్టు మడిచారు. చౌడమ్మ "నేను మడుస్తా సార్, నేను మడుస్తా" అంటూనే ఉంది. ముట్టుకోవద్దన్నారు. లక్క కరిగించి సీలు వేసి జీపులో పడేశారు. ఒక చీటీ చేతిలో పెట్టారు. ఎండలో రోడ్డు పక్కన ఖాళీ చేతులతో నిలబడితే ఆమెకు ఏడుపు కూడా రాలేదు. ముందు ధర్మవరం పోయి గోవిందప్పకు ఎట్లా చెప్పాలా అనే ఆలోచనే.

గోవిందప్ప విన్నాడు. "పోనీలే చౌడమ్మా, నువ్వు బాగుండావు కదా. మనమేం తప్పు చేయలేదు, ఎలక్షన్లయినాక ఇచ్చేస్తారు" అన్నాడు. కానీ వెనక గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది. పదకొండు చీరలంటే ఆ ఇంటికి ఏమిటో చౌడమ్మకు తెలియదా! ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. నాగమణి ఇచ్చిన కాఫీ తాగకుండానే కింద పెట్టేసింది.

"ఇంకో నాలుగు తీసుకుపో, పెండ్లివాళ్లు చూస్తాంటారు," అన్నాడాయన.

"వద్దన్నా. ఆ మూట తెచ్చినాకే ఇంకోటి. అంతవరకూ నీ గడప తొక్కి చీర అడగను."

అన్నంత పని చేసింది. శైలజ టీచరు రెండు సార్లు ఫోను చేసి, ఎదురుచూసి, చివరికి బెంగళూరు పోయి అంగట్లో చీరలు తెచ్చుకుంది. చౌడమ్మ చింతపండు మండీలో గింజలు తీసే కూలికి కుదిరింది. చేతివేళ్లన్నీ నల్లబడ్డాయి. పట్టు ముట్టుకునే చేతులవి, చూసుకున్నప్పుడల్లా ఆ ఆఫీసరు కళ్లద్దాలు గుర్తుకొచ్చి పళ్లు కొరికేది.

ఎలక్షన్లయిపోయాయి. గెలిచినవాళ్లు గెలిచారు, టపాకాయలు కాల్చారు. చీరలు రాలేదు. చౌడమ్మ చీటీలో రాసిన పెనుకొండ ఆఫీసుకు పోయింది. పేరు చెప్పి ఏం లాభం, ఆఫీసంటే ఆఫీసే. అక్కడ ధనుంజయ అని నల్లమాడ వైపు గుమాస్తా ఒకడు. మర్యాదగా కూర్చోమన్నాడు, నీళ్లు తాగమన్నాడు, చీటీ చూశాడు.

"ఇది కమిటీ ముందరికి పోవల్లమ్మా. వాళ్లు చూసి చెప్తారు."

"నేనేం తప్పు చేసినానని చూస్తారు సామీ?"

"నీ మీద ఏమీ లేదమ్మా. నీ మీద కేసు లేదు, నువ్వు ముద్దాయి కాదు, సంతోషపడు. చీరల మీదే ఉండాది కేసు."

"చీరలేం తప్పు చేసినాయప్పా?"

ధనుంజయ చీటీ తిరగేశాడు. "రూలట్ల ఉండాది" అన్నాడు. "అవి ఓటర్లకు పంచే చీరలు కావని మీరే చూపించుకోవల్ల."

"పంచేవని మీరు చూపించల్లా, కాదని నేను చూపించల్లా?"

"మీరే."

"లేనిదాన్ని లేదని ఎట్ల చూపిస్తారు? నువ్వు దొంగవి కాదని నువ్వు చూపించు, చూస్తా!"

గుమాస్తా నొచ్చుకోలేదు. మంచివాడు పాపం. అదే చౌడమ్మకు ఇంకా కడుపు మంట. తిట్టడానికి ఒక చెడ్డవాడైనా లేకపోతే ఎట్లా? కళ్లద్దాల ఆఫీసరు ఎలక్షన్ల డ్యూటీకి వచ్చినవాడు, పని అయిపోగానే తన ఊరికి, తన ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఈ గుమాస్తా ఆ రోజు అక్కడ లేడు. కమిటీ పెద్దలు ఎప్పుడూ మీటింగులో ఉంటారు. పట్టుకున్నవాళ్లు లేరు, ఉన్నవాళ్లు పట్టుకోలేదు. ఎవరి చొక్కా పట్టుకోవాలి?

పోయినప్పుడల్లా వచ్చే వారం రమ్మన్నారు. ఒకసారి వరండాలో తచ్చాడుతుంటే సామాన్ల గది కిటికీలోంచి తన మూట కనిపించింది. నేల మీద, గోడవారగా. బయట వాన. ఆ గోడ పొడుగునా చెమ్మ దిగిన మరక. పరుగెత్తుకుని ధనుంజయ దగ్గరికి పోయింది.

"నాయనా, ఆ మూటను కొంచెం పైన పెట్టు. పట్టుకు చెమ్మ తగలగూడదు. నీకు పుణ్యముంటాది."

"సీలు వేసిన సరుకు జరపగూడదమ్మా. జరిపితే మళ్లీ నన్నడుగుతారు."

"విప్పమన్లేదప్పా, బల్ల మీద పెట్టమంటాండా!"

"ఆర్డరు లేకుండా నేను ముట్టుకోను. ఏమనుకోవద్దు."

చౌడమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. చేయి చాపితే అందదు. ఇంతా చేసి మూటకూ ఆమెకూ మధ్య నాలుగడుగుల దూరం. ఆ రోజు బస్సులో కండక్టరు టికెట్టడిగితే ఆయన మీద కూడా విసుక్కుంది.

చివరికి కమిటీ పిలిచింది. గోవిందప్పనూ తీసుకురమ్మన్నారు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, మెడలో తువ్వాలతో వచ్చాడు. పొద్దున పిలిచారు, మధ్యాహ్నం లోపలికి పంపారు. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఉన్నాయన చీటీ చూసి తలెత్తాడు.

"ఏమ్మా, ఈ చీరలు నీవేనా?"

చౌడమ్మ చీరలు మోయడం మొదలుపెట్టినప్పటినుంచీ ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు. పైగా నేసినాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన ముందు ఆయన చీరను నాదంటుందా? "నావి కాదు సార్," అంది. "గోవిందప్పన్న మగ్గం మీద నేసినవి."

"అయితే నీవా?" అని ఆయన్ని అడిగాడు అధికారి.

గోవిందప్ప చేతులు జోడించాడు. నావి అంటే ఈ ఆడమనిషిని దొంగను చేసినట్టవుతుంది. ఇంత తిరిగి, ఇంత కష్టపడిన మనిషిని! "గడప దాటించి ఆ యమ్మ చేతిలో పెట్టినాక నావి ఎట్లయితాయి సార్?" అన్నాడు. "ఆ యమ్మ మాటే నా మాట. ఆ యమ్మకే ఇచ్చేయండి."

అధికారి పెన్ను కింద పెట్టాడు. "ఆమె నావి కాదంటోంది. నువ్వు నావి కాదంటున్నావు. మరి ఎవరివయ్యా? ఏ పార్టీవాళ్లవి?"

"పార్టీ ఏంది సార్!" అంది చౌడమ్మ. "కట్టుకునే పిల్లవి."

"ఎవరా పిల్ల? పేరు చెప్పు."

"ముందడిగినోళ్లు వేరే తెచ్చుకున్నారు. ఇప్పుడింక ఎవరో తెలీదు సార్. కొంటే కదా."

బల్ల వెనక ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివర కూర్చున్నాయన నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగాడు. చెప్పింది చెప్పినట్టు రాయించుకున్నారు, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు, పొమ్మన్నారు.

బయటికొచ్చాక ఇద్దరి మనసూ తేలికైంది. "బాగా చెప్పినావన్నా," అంది చౌడమ్మ. "నువ్వూ బాగానే చెప్పినావు," అన్నాడు గోవిందప్ప. హోటల్లో ఇడ్లీ తిన్నారు. పెద్దమనుషుల ముందు ఒకరి మాట ఒకరు నిలబెట్టామని సంబరం. అయ్యో, ఇంత మర్యాదస్తులను ఆ బల్ల వెనక ఏ కాగితంలో రాసుకున్నారో ఆ రోజు వాళ్లకేం తెలుసు!

ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, ఏ కబురూ రాలేదు. శ్రావణం పోయింది. మంచి ముహూర్తాలన్నీ కళ్ల ముందే దాటిపోయాయి. చౌడమ్మ ఉండబట్టలేక మళ్లీ పెనుకొండ పోయింది. ధనుంజయ సీట్లో లేడు. ఊరికే నిలబడి గోడకున్న నోటీసు బోర్డు చూస్తూ, కూడబలుక్కుంటూ చదివింది. హక్కుదారులు లేని సొత్తు, వేలం. పట్టుచీరలు, పదకొండు.

చదివింది నిజమేనా అని పక్కనున్నతన్ని అడిగి చదివించుకుంది. నిజమే. ఇంకెక్కడి నిదానం! ధనుంజయ టీ తాగి వచ్చేసరికి ఆఫీసంతా అదిరేట్టు అరుస్తోంది.

"హక్కుదారులు లేరా? నేను సచ్చినానా, గోవిందప్పన్న సచ్చినాడా? ఇన్ని నెలలు నీ ఎదురుగ్గా కూర్చునింది ఎవరప్పా, దయ్యమా?"

"మీరే కదమ్మా చెప్పింది," అన్నాడతను నెమ్మదిగా. "నావి కాదని నువ్వు రాసిచ్చినావు. నావి కాదని ఆయన రాసిచ్చినాడు. ఇంక కమిటీ ఏం చేస్తాది?"

"అది మా మర్యాదప్పా! నీ బీరువాలో మర్యాద రాసుకునే గడి లేదా?"

"లేదమ్మా."

"పోనీ, ఏలం వేస్తాండామని మాకొక్క మాట చెప్పల్లేదా?"

"బోర్డు మీద పెట్టినాం కదా."

"మీ ఇంటి లోపల గోడకు తగిలించుకుంటే హిందూపురంలో నాకెట్ల కనపడతాది? నా గాచారం బాగుండి ఈ పొద్దు వచ్చినా. రాకపోయింటే?"

ధనుంజయ తల గోక్కున్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. గోవిందప్ప వచ్చి ఇవి నా సొంత చీరలని రాసిస్తే, వేలం ఆపి మళ్లీ విచారిస్తారు. అయితే చౌడమ్మ కూడా ఒక కాగితం రాసివ్వాలి. ఈ చీరలతో నాకెట్లాంటి సంబంధమూ లేదని. ఇద్దరూ అడిగితే మళ్లీ తేలదు. వేలానికి ముందే కావాలి.

ఆ బస్సుకే ధర్మవరం పోయింది. గోవిందప్ప విని తల అడ్డంగా ఊపాడు.

"అట్ల ఎట్ల చెప్తా చౌడమ్మా? ఇచ్చిన చీరను నాదంటే వీధిలో ఏమనుకుంటారు? చౌడమ్మ చీరలు మింగింది, గోవిందప్ప సర్కారు కచేరీకి పోయి గుంజుకొచ్చుకున్నాడు అనుకోరా? రేపు నీకు ఇంకెవరైనా చీర ఇస్తారా?"

"ఇప్పుడు మాత్రం ఎవరిస్తాండారన్నా? నా చేతులు చూడు!"

నల్లబడిన వేళ్లు చాపింది. ఆయన చూడలేకపోయాడు.

"నన్ను దొంగనుకుంటే అనుకోనీ," అంది. "ఏలంలో ఎవడో ఒకడు గోనెసంచుల లెక్కన కొనుక్కుపోతాడన్నా. నువ్వు నేసింది! పెద్ద మర్యాదస్తుడివి, కూర్చో ఇంట్లో!"

అన్నను ఆమె అంత మాట ఎప్పుడూ అనలేదు. అనేసి కొంగు నోట్లో కుక్కుకుంది. వంటింట్లోంచి నాగమణి వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది. "వదిన అంత మొత్తుకుంటాంటే నీకేం? నావి అను. అంటే నోరు పడిపోతాదా?" అంది. గోవిందప్ప తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు.

మళ్లీ ఆ బల్ల, ఆ ముగ్గురు. "ఈ చీరలు నావి," అన్నాడు గోవిందప్ప, నేలకేసి చూస్తూ. గట్టిగా చెప్పమన్నారు. గట్టిగా చెప్పాడు. అప్పుడు కాదని ఇప్పుడు ఔనంటే ఏది అబద్ధమని అడిగారు. రెండూ నిజమేనని చెప్పబోయి, చెప్పినా అర్థం కాదని, "తప్పైపోయింది సార్" అన్నాడు. తప్పు! ఏం తప్పు చేశాడని? పక్కన నిలబడిన చౌడమ్మకు ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. ఆమె వంతు వచ్చింది. ఈ చీరలకూ నాకూ ఎట్లాంటి సంబంధమూ లేదని పైకి చదివి సంతకం పెట్టమన్నారు. చదివింది. పెట్టింది. వేలం ఆగింది. సరుకు యజమానికి ఇవ్వమని ఆర్డరు వచ్చేసరికి కార్తీకం దాటింది.

తీసుకుపోవడానికి ఇద్దరూ వచ్చారు. ధనుంజయ మూట తెచ్చి బల్ల మీద పెట్టి, కాగితం గోవిందప్ప ముందుకు తోశాడు. సరుకు సక్రమంగా అందింది, ఎట్లాంటి ఫిర్యాదూ లేదు అని రాసి ఉంది. కింద సంతకానికి చోటు.

"మూట విప్పి చూపించు ముందు," అంది చౌడమ్మ.

"సంతకం పెట్టినాకే సీలు విప్పేదమ్మా. రూలు."

"చూడకుండా బాగుండాయని ఎట్ల రాసిస్తారు? సీలేసేటప్పుడు నా ఎదురుగ్గా ఏసినారు, విప్పేది కూడా నా ఎదురుగ్గా విప్పండి. అన్నా, పెన్ను కింద పెట్టు. పెట్టగాకు సంతకం!"

ధనుంజయ ఆమె వైపు చూశాడు. ఎగతాళి లేదు, విసుగు కూడా లేదు.

"నీకు సంబంధం లేదని రాసిచ్చినావు కదమ్మా," అన్నాడు. "నువ్వు మాట్లాడేదానికి లేదు."

చౌడమ్మ బల్ల దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేసింది. కిటికీ దగ్గర నిలబడితే పలకరించినవాళ్లు లేరు, ఎండలో నిలబెట్టినప్పుడు అడిగినవాళ్లు లేరు, ఇప్పుడు మాట్లాడే హక్కు కూడా ఆమె చేతే రాయించుకుని తీసేసుకున్నారు. గోవిందప్ప ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సంతకం పెట్టకపోతే మూట మళ్లీ ఆ గదిలోకే పోతుంది. పెట్టేశాడు.

సీలు కోశారు. పైనున్న ఏడు చీరలూ ఎక్కడెక్కడో నలిగాయి గానీ బాగానే ఉన్నాయి. అడుగునున్న నాలుగూ ఒకదానికొకటి అంటుకుపోయి వచ్చాయి. ఎర్రంచు రంగు కారి తెల్లటి తలంబ్రాల చీర మీద పడింది. జరీ నల్లబడింది. ఒకచోట బూజు. గోవిందప్ప వేలితో తుడిచి చూశాడు, పోలేదు.

"ఇదేంది సామీ?" అన్నాడు.

ధనుంజయ తల దించుకుని, ఆయన ఇప్పుడే పెట్టిన సంతకాన్ని చూపించాడు.

బయట మెట్ల దగ్గర మూట దించుకున్నారు. చౌడమ్మ కూర్చుని, బాగున్న ఏడు చీరలనూ ఒక్కొక్కటీ విప్పి, మడత మార్చి, తెల్ల పంచెలో కట్టి గోవిందప్ప చేతికిచ్చింది. చెడిపోయిన నాలుగింటినీ తన కొంగులోకి తీసుకుంది.

"అవెందుకు నీకు?" అన్నాడు గోవిందప్ప. "ఇట్ల తే. నష్టం నాదే. నావని అంతమంది ముందర రాసిచ్చినా కదా."

"ఆ కాగితం వాళ్లకు. మనకు కాదు. నా చేతిలో ఉండంగ చెడిపోయినాయి."

"నీ చేతిలో యాడుండాయి చౌడమ్మా? వాళ్ల గదిలో ఉండాయి."

"నీ గడప దాటించి ఎవరి చేతికిచ్చినావు? వాళ్లకా, నాకా?"

"వద్దమ్మా. నా మాటిను. ఇన్ని చీరల దుడ్లు నువ్వు ఎప్పటికి..."

"ఇవి నావి అంటాండా కదన్నా!" అని అరిచింది చౌడమ్మ. మెట్ల మీద పోయేవాళ్లు ఆగి చూశారు. కిటికీలోంచి ధనుంజయ తొంగి చూశాడు. "ఈ నాలుగూ నావి! ఎవరితో కావాలంటే వాళ్లతో చెప్పుకో. నావి!"

ఆ మాట చెప్పమని ఇన్ని నెలలుగా అడిగినవాళ్లు లోపలే ఉన్నారు. ఇప్పుడు రాసుకోవడానికి ఎవరూ బయటికి రాలేదు.

హిందూపురం బస్సు వచ్చింది. కూలి డబ్బుల్లోంచి నెలకింత తీరుస్తానని, అది తీరినాకే చీరలకొస్తానని చెప్పి, చౌడమ్మ నాలుగు చీరలనూ చంకలో పెట్టుకుని ఎక్కింది.